అమ్మమ్మ మాట మార్చకు తల్లీ

తల్లీ,

కొరియాలోని బూసాన్ పిల్లలతో కలిసి ఫోన్లతో తీస్తానన్న షార్ట్ ఫిల్ముకి నువ్వు రాసిన స్క్రిప్టు మొన్న రాత్రి చదివాను, నిన్న పొద్దున్న మళ్ళీ చదివాను. రెండుసార్లూ మూడో పేజీ దగ్గరే కోపం వచ్చింది. అందుకే నువ్వు అడిగిన వరుసలో కాకుండా అక్కణ్ణుంచే మొదలుపెడతాను.

అమ్మమ్మ సరుకుల చీటీ తెలుగులో రాస్తుంది, ఒడియా మీడియంలో చదివిన మనవరాలు దాన్ని చదవలేక ఫోన్లో ఫోటో తీసుకుని దుకాణానికి పోతుంది, ఆ ఫోటో దుకాణంలో కూడా ఎవరికీ అంతుపట్టదు. బాగుంది. అక్కడ బూసాన్ పిల్లలు తమ చేపల బజారులో ఇంకో ముసలమ్మతో కథ అందుకోవడమూ బాగుంది. కానీ మూడో పేజీలో అమ్మమ్మ చేత ఏమనిపించావు? "మనవరాలా, ఇది మహేంద్రతనయ నది, మన పర్లాకిమిడి పక్కనుంచి ప్రవహిస్తుంది." పుట్టినప్పటి నుంచీ ఆ ఏటి ఒడ్డున బతికిన మనిషి, అదే ఏట్లో ఈత నేర్చుకున్న పిల్లకి ఏటి పేరు చెబుతుందా? కొరియా టీముకు అర్థం కావాలని పక్కన నువ్వే రాసుకున్నావు.

ఆవిడ ఏమంటుందో నీకు తెలుసు. "ఏటే గుంటా, ఇంతసేపూ ఏటికాడ ఏటి సేస్తన్నావు?" అంటుంది. ఆ కేక వింటే బూసాన్ పిల్లలకి తిడుతోందని ఇట్టే తెలుస్తుంది, ఎందుకంటే వాళ్ళ ఇళ్ళలోనూ ముసలివాళ్ళు ఉన్నారు. మిగతాది సబ్‌టైటిల్ చూసుకుంటుంది. సబ్‌టైటిల్ సినిమా అయ్యాక వేసుకునేది, అందులో పట్టాలని ముందే మాటని కత్తిరిస్తే ఇక అమ్మమ్మని తీసుకోవడం ఎందుకు?

ఇది నా పట్టుదల, ఎవరేమన్నా వదలను. గిడుగు రామమూర్తి పంతులుగారు మన పర్లాకిమిడిలోనే బడిపంతులుగా పనిచేశారు, ఇక్కడే సవర గిరిజనుల దగ్గర వాళ్ళ భాష నేర్చుకుని నిఘంటువు రాశారు, జనం మాట్లాడే తెలుగే రాయాలని జీవితమంతా పోరాడారు. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు ఆయన ఉన్న ఈ ఊరు అటు పోయింది. బడి భాష మారింది, అంగడి బోర్డులు మారాయి, వంటింట్లో మాట మాత్రం మారలేదు. నీ సినిమాకి ఉన్న ఆస్తి ఆ మాట ఒక్కటే.

నలభై ఏళ్ళ కిందట ఒక వారపత్రికకి కథ పంపాను. నౌపడా నుంచి గుణుపూర్ పోయే చిన్న రైల్లో కొడుకు ఇంటికొస్తాడు, తల్లి చూసి "ఏటి నాయినా, ఇలా సిక్కిపోనావు" అంటుంది. అప్పటికే నాలుగుసార్లు తిప్పి పంపారు. ఐదోసారి అచ్చయింది, చూస్తే "ఏమిటి నాన్నా, ఇంతగా చిక్కిపోయావు?" అని ఉంది. కథలో ఉన్నది మా అమ్మే, ఆవిడకి చదువు రాదు, పక్కన కూర్చోబెట్టుకుని చదివి వినిపించాను. చేటలో బియ్యం చెరుగుతున్నదల్లా ఆపి, "ఈయమ్మ ఎవులు?" అనడిగింది. ఆ ఎడిటర్ మంచివాడనే అంటారు అందరూ. నేను ఆయనకి మళ్ళీ కథ పంపలేదు.

ఇప్పుడు ఎడిటర్ల బదులు ఇంకో ఫ్యాషన్ వచ్చింది, ప్రతి షార్ట్ ఫిల్ములో ప్రతి సీను కిందా పియానో. మాట వినపడనివ్వరు. నువ్వూ నాలుగు చోట్ల రాశావు, తీసెయ్. ఫోనుతో సినిమా అనగానే అందరూ అమెరికా సినిమా 'టాంజరిన్' పేరు చెబుతారు, 2015లో వచ్చింది, ఐఫోన్ 5ఎస్‌తో తీశారు. నిజమే, కానీ దానికి శబ్దం వేరే మైకులతో రికార్డు చేశారన్న సంగతి ఎవరూ చెప్పరు. నీ దగ్గర ఇంకో పాత ఫోను ఉంటే అమ్మమ్మ చీర కుచ్చెళ్ళ దగ్గర దాచి రికార్డర్ ఆన్ చెయ్, ఫ్యాను ఆపు, రెండు ఫోన్లూ ఫ్లైట్ మోడ్‌లో పెట్టు, ఒక్క చప్పట కొట్టు. ఎడిటింగ్‌లో ఆ చప్పట దగ్గర గొంతూ బొమ్మా కలుస్తాయి.

ఇంకోటి. వంటింట్లో తీసిన టెస్ట్ షాట్లో ట్యూబ్‌లైట్ కింద చారలు పరిగెడుతున్నాయని టెన్షన్ పడ్డావు. ఫోను పాడవలేదు. లైటు కరెంటు లయలోనే మినుకుతుంది, మన కరెంటు 50 హెర్ట్జ్, కొరియాలో 60. వాళ్ళు చెప్పిన సెట్టింగు వాళ్ళ లైట్లకి సరిపోతుంది. రెండు వైపులా సెకనుకి 30 ఫ్రేములే ఉంచండి, లేకపోతే కలిపినప్పుడు కదలిక కుదుపుగా ఉంటుంది. షట్టర్, అంటే ఒక్కో ఫ్రేము వెలుగు పట్టే సమయం, మాత్రం వాళ్ళు 1/60 సెకను పెట్టుకుంటారు, నువ్వు 1/50 పెట్టు, వెలుగు మరీ ఎక్కువైతే 1/100. ఫోను కెమెరాలో ప్రో మోడ్‌లో దొరుకుతుంది.

నువ్వడిగిన పోటీల సంగతి ఇప్పుడొద్దు. ముందు మూడో పేజీ చింపేసి, ఆ చీటీ అమ్మమ్మ చేతికిచ్చి పైకి చదవమను, చింతపండు దగ్గర ఆగి ధర గురించి ఏదైనా అంటే అననివ్వు, రికార్డింగ్ ఆపకు. ఆ ఆడియో నాకు వాట్సాప్‌లో డాక్యుమెంటుగా పంపు. బూసాన్ పిల్లలకీ అదే పంపు, ఇంకా అనువాదం చెయ్యకుండా.