ముదిరిన బ్రెస్ట్ క్యాన్సర్‌కి ఇచ్చే నానో పార్టికల్ కీమో కొత్త మందా?

మందు పాతదేనండి, ఒంట్లోకి పంపించే పద్ధతే మారింది. పాక్లిటాక్సెల్ అనే ఆ పాత కీమో మందు నీళ్లలో కరగదు, అందుకని ఆముదం నుంచి చేసిన ఒక ద్రావకంలో కలిపి ఎక్కిస్తారు, అసలు చిక్కంతా అక్కడే, ఎలర్జీలు ఎక్కువగా ఆ ద్రావకం వల్లే వస్తాయి కాబట్టి ముందు స్టెరాయిడ్లు ఇచ్చి సుమారు 3 గంటలు మెల్లగా ఎక్కించాల్సి వస్తుంది. ఈ నానో పార్టికల్ కీమోలో, అంటే నాబ్-పాక్లిటాక్సెల్‌లో, ఆ ద్రావకమే ఉండదు, మన రక్తంలో ఉండే ఆల్బుమిన్ అనే ప్రోటీన్‌కే మందుని తగిలించి సుమారు 130 నానోమీటర్ల కణాలుగా చేస్తారు. 30 నిమిషాల్లో అయిపోతుంది, మామూలుగా ముందు స్టెరాయిడ్ కూడా అక్కర్లేదు, డోసు ఇంకాస్త ఎక్కువ ఇవ్వొచ్చు.

అమెరికాలో 2005లో అనుమతి వచ్చింది. అప్పటి పెద్ద ట్రయల్‌లో దీంతో గడ్డలు బాగా తగ్గినవాళ్లు 33 శాతం, పాత పద్ధతిలో 19 శాతం, ఇది చిన్న తేడా కాదు. కాకపోతే ఈ స్టేజ్‌లో జబ్బుని అదుపులో పెడుతుందే గానీ పూర్తిగా నయం చేస్తుందని అనుకోవద్దు. జుట్టు రాలుతుంది, తెల్ల రక్తకణాలు తగ్గుతాయి, ఇక చేతులు కాళ్లలో తిమ్మిర్లు మంటలు పాతదానికన్నా ఎక్కువే, అవి మొదలవగానే ఓర్చుకుంటూ కూర్చోకుండా డాక్టర్‌కి చెప్పేయండి ప్లీజ్, కొన్నాళ్లు ఆపి డోసు తగ్గిస్తే చాలామందికి నెమ్మదిస్తాయి.