బొమ్మ పచ్చగా మారితే సరిపోదు

ప్రశ్న: మా ఫ్యాక్టరీ కొత్త బాయిలర్‌కి పీఎల్‌సీ (యంత్రాలను నడిపించే పారిశ్రామిక కంప్యూటర్) ప్రోగ్రాం రాయించాం. బిగించే ముందు సిమ్యులేషన్‌లో, అంటే కంప్యూటర్‌లోని నకలు బాయిలర్ మీద, చూపించి సంతకం తీసుకుంటామని వెండర్ అంటున్నాడు. నమ్మొచ్చా?
– ఒక పాఠకుడు, పరవాడ

జవాబు: చూడండి, కానీ తెర మీద బొమ్మ చూసి మాత్రం సంతకం పెట్టకండి. ఒక ఇన్‌పుట్‌ని చేత్తో ఆన్ చేసి, పంపు పచ్చరంగులోకి మారగానే "ఓకే సార్" అనేస్తారు. ఇంటర్‌లాకులకైతే (ఒక షరతు నెరవేరితేనే యంత్రాన్ని నడవనిచ్చే ఏర్పాట్లకైతే) అది చాలు.

డ్రమ్ లెవెల్ (బాయిలర్‌లో నీళ్లు, ఆవిరి ఉండే పాత్రలోని నీటిమట్టం) దగ్గరే అసలు తిరకాసు. స్టీమ్ వాడకం ఒక్కసారిగా పెరిగితే డ్రమ్‌లో ప్రెషర్ పడిపోతుంది. నీళ్లలోని ఆవిరి బుడగలు ఉబ్బి లెవెల్ పెరిగినట్టు కనిపిస్తుంది. నిజానికి లోపల నీళ్లు తగ్గుతుంటాయి! లెవెల్ ఒక్కటే చూసే కంట్రోలర్ సరిగ్గా అప్పుడే ఫీడ్‌వాటర్ (బాయిలర్‌లోకి పంపే నీళ్ల) వాల్వు మూస్తుంది. అందుకే స్టీమ్ ఫ్లో, ఫీడ్‌వాటర్ ఫ్లో కూడా లెక్కలోకి తీసుకునే త్రీ ఎలిమెంట్ కంట్రోల్ పెడతారు. మీ వెండర్ సిమ్యులేషన్ మోడల్‌లో ఈ ఉబ్బు ఉందా అని మొదట అడగండి. లేకపోతే అతను పరీక్షిస్తున్నది మేడ మీది నీళ్ల ట్యాంకుని, బాయిలర్‌ని కాదు.

తర్వాత కావాలనే చెడగొట్టించండి. ట్రాన్స్‌మిటర్ (లెవెల్ కొలిచి పీఎల్‌సీకి పంపే పరికరం) సిగ్నల్ 4 నుంచి 20 మిల్లీ ఆంపియర్లు. వైరు తెగితే సున్నా. దాన్ని ప్రోగ్రాం "నీళ్లు లేవు" అనుకుంటుందా, "సిగ్నల్ పోయింది" అని అలారం ఇస్తుందా? వాల్వు ఇరుక్కుపోతే? ఈ పరీక్షలప్పుడు మౌస్ మీ నైట్ షిఫ్ట్ ఆపరేటర్ చేతికివ్వండి. వెండర్ మనిషి నొక్కని బటన్లన్నీ అతను నొక్కుతాడు.

ఫీల్డ్‌లో వైర్లు తారుమారైతే మాత్రం సిమ్యులేషన్ పట్టుకోలేదు. సైట్‌లో లూప్ చెక్‌కి (ఒక్కో పరికరం నుంచి పీఎల్‌సీ దాకా వైరింగ్ సరిచూడటానికి) టైం విడిగా ఉంచుకోండి.