‘అబ్దుల్’ ఒక్కటే పూర్తి పేరవుతుందా?

అరబీ వ్యాకరణం ప్రకారం కాదు, అది సగంలో ఆగిన పేరు. ‘అబ్ద్’ అంటే దాసుడు. చివరి ‘ఉల్’లోని లకారం నిజానికి తర్వాతి పదం ముందుండే ‘అల్’ది (ఇంగ్లిష్ ‘the’ లాంటిది). ఎవరి దాసుడో చెప్పాలి కాబట్టి వెనుక మరో పదం రావాలి, సాధారణంగా అది అల్లా నామాల్లో ఒకటి: అబ్దుల్ కరీం అంటే పరమ ఉదారుడి దాసుడు. ర, స, న వంటి 14 అక్షరాల ముందు ఆ లకారం వాటిలా మారిపోతుంది. అబ్దుర్ రహ్మాన్, అబ్దుస్ సలాం అలా వచ్చినవే. పిలుపుకు ‘అబ్దుల్’ అంటే అన్నారు గానీ, రెండో ముక్కను ఇంటిపేరనుకోవడమే అసలు పొరపాటు. 1979లో భౌతికశాస్త్ర నోబెల్ పంచుకున్న అబ్దుస్ సలాంకు ‘సలాం’ ఇంటిపేరు కాదు. దరఖాస్తుల్లో రెండు ముక్కలనూ ఒకే గడిలో రాయాలి.