తుట్టె కింద మంద, తొట్టి మీద తేనెటీగలు: పశువైద్యుల జవాబులు

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది నాగర్‌కర్నూల్ జిల్లా. మేకలు మేపుకుంటాం. బీడులో పెద్ద రావిచెట్టు ఉంది, ఎండపూట మంద అంతా దాని కిందే పడుకుంటుంది. మొన్న దాని మీది పెద్ద తేనెటీగలు లేచి మంద మీద పడ్డాయి. మేకలు తలో దిక్కు పారిపోయాయి గానీ గుంజకు కట్టేసిన పోతు చచ్చిపోయింది. రాత్రికి కాగడాతో తుట్టె కాల్చేద్దామని ఊళ్లోవాళ్లు అంటున్నారు. కాల్చమంటారా?

జవాబు: వద్దు, కాల్చకండి. కిరోసిన్ కాగడా పెడితే సగం ఈగలు చస్తాయి, మిగతా సగం వెలుతురు ఎక్కడుంటే అక్కడికి, అంటే కాగడా పట్టుకున్న మనిషి మీదికే వస్తాయి. చీకట్లో చెట్టు మీంచి పడితే నడుం విరుగుతుంది, కింద ఎండుగడ్డి అంటుకుంటే బీడంతా పోతుంది. పైగా ఈ పెద్ద తేనెటీగలు పూత కాలంలో వచ్చి, పూలు అయిపోగానే వాటంతటవే లేచిపోయే రకం. అవి ఒకసారి మెచ్చిన చెట్టుకే ఏటా మళ్లీ వస్తుంటాయి కాబట్టి ఈ ఏడు కాల్చినా వచ్చే ఏడు అదే కొమ్మకు కొత్త తుట్టె వేలాడొచ్చు. మార్చాల్సింది మంద పడుకునే చోటు. తుట్టె ఉన్నన్నాళ్లూ ఆ చెట్టు ఛాయలకు పోకుండా వేరే చెట్టు చూసుకోండి, దొరక్కపోతే నాలుగు కర్రలు పాతి తాటాకో గ్రీన్ నెట్టో కప్పండి. తుట్టె ఇళ్లకో బడికో మరీ దగ్గరగా ఉండి తీయక తప్పదంటే, మీకు నల్లమల పక్కనే, తరతరాలుగా ఈ తేనె తీస్తున్న చెంచులు ఉన్నారు. వాళ్లలో పని తెలిసినవాళ్లను అడగండి. పురుగుమందు మాత్రం కొట్టొద్దు, తర్వాత ఎవరో ఒకరు ఆ తేనె పిండుకుని తాగుతారు.

మీ ఉత్తరంలో నన్ను బాధపెట్టింది 'గుంజకు కట్టేసిన పోతు' అన్న మాట. ఇలాంటి కేసుల్లో ఎక్కువగా చచ్చేది కట్టేసిన జీవమే. విడిగా ఉన్నది పరుగు తీసి కొంత దూరం పోతే ఈగలు వెనక్కి తగ్గుతాయి, కట్టేసినది తాడు పొడవునా గింజుకుంటూ అక్కడే కుట్టించుకుంటుంది. ఒక ఈగ కుట్టగానే ముల్లుతోపాటు ముగ్గిన అరటిపండులాంటి వాసన వదులుతుంది. ఆ వాసన తగిలితే చాలు, మిగతావి కూడా అక్కడే కుడతాయి. అందుకే బీడులో కట్టాల్సి వస్తే కొస పట్టుకుని ఒక్క లాగు లాగితే ఊడిపోయే ముడి వేయండి, నడుముకు కొడవలో కత్తో ఉంచుకోండి. ఇంకో సంగతి, తుట్టె ఉన్న చెట్టుకు దోటి వేసి కొమ్మలు లాగొద్దు, కింద పొయ్యి పెట్టొద్దు, పిల్లల్ని రాళ్లు వేయనీయొద్దు. ఒక్కోసారి ఎవరూ ఏమీ చేయకున్నా తేనెగద్ద వచ్చి తుట్టెను తన్నుతుంది, ఆ కోపం కింద ఉన్న మంద మీద పడుతుంది.

ఈగలు లేచినప్పుడు మేకల కోసం ఒంటిమీద ఏమీ కప్పుకోకుండా లోపలికి ఉరకొద్దు, మనుషులు కూడా ఇలాగే పోతున్నారు. గొంగడి ఉంటే తల, ముఖం మొత్తం కప్పుకుని, దారిలో ఉన్న తాడు కోసేసి, చేతులు ఊపకుండా ఆగకుండా దూరం పోండి. బావిలో దూకితే లాభం లేదు, తల పైకెత్తేదాకా అవి పైన తిరుగుతూనే ఉంటాయి. మనుషులకు ఎక్కువ కుడితే వెంటనే 108కి ఫోన్ చేయండి.

కుట్టించుకున్న మేకను నీడకు చేర్చి ముందు మూతి, కళ్ల చుట్టూ, చెవుల లోపల, పొదుగు చూడండి. వెంట్రుకల మధ్య చిన్న తెల్లటి సంచితో ముల్లు కనిపిస్తుంది. ఈగ నుంచి ఊడిన తర్వాత కూడా ఆ సంచి కాసేపు కదులుతూ విషాన్ని లోపలికి నెడుతుంది, కాబట్టి గోరుతోనో కత్తి వెనక అంచుతోనో ఎంత తొందరగా గీకేస్తే అంత మంచిది, ఎలా తీశామన్నది పెద్ద విషయం కాదు. తడి గోనెసంచి కప్పండి. సున్నం, కిరోసిన్ పూయొద్దు, కంట్లో పడితే చూపు పోతుంది. నోట్లో నూనె, మజ్జిగ పట్టొద్దు, గొంతు వాచి ఉంటే అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఊపిరి గురగురలాడినా, నాలుక వాచినా, మూత్రం టీ డికాక్షన్ రంగులోకి మారినా, లేవలేకపోయినా 1962కి ఫోన్ చేయండి, సంచార పశువైద్య బండి వస్తుంది. అలర్జీకి ఇంజెక్షన్, అవసరమైతే స్టెరాయిడ్, సెలైన్ ఇస్తారు. చూలు మేక అయితే ఆ మాట ముందే చెప్పండి, స్టెరాయిడ్‌తో ఈసుకుపోయే, అంటే చూలు పోయే ప్రమాదం ఉంది. ఆ పూటకు తేరుకున్నా రెండు మూడు రోజులు మేత, మూత్రం గమనించండి, విషం మూత్రపిండాల మీద పనిచేసేది ఆ తర్వాతే.

ప్రశ్న: మాది అనంతపురం జిల్లా. వేసవిలో గేదెల తొట్టి అంచున తేనెటీగలు బారులు తీరుతున్నాయి. ఒక దూడకు మూతి మీద కుట్టింది, అప్పటినుంచి నీళ్ల దగ్గరికి రానంటోంది. మందు చల్లమంటారా?

జవాబు: అవి నీళ్లకు వచ్చాయి, కొట్లాటకు కాదు. తుట్టె దగ్గర ఉన్నంత కోపం నీళ్ల దగ్గర ఉండదు, మూతి కింద నలిగితేనే కుడతాయి. తొట్టిలో మందు కలిస్తే గేదెలే తాగుతాయి, ఆ మాటే ఎత్తొద్దు. తొట్టికి దూరంగా, ఎండ పడేచోట వెడల్పాటి పళ్లెంలో గులకరాళ్లు పోసి, రాళ్లు సగం మునిగేలా నీళ్లు పెట్టండి. అవి ఒకసారి అలవాటైన చోటు వదలవు కాబట్టి పళ్లెం ఎండనివ్వకుండా రోజూ నింపాలి, ఒక్కరోజు ఎండిందంటే మళ్లీ తొట్టికే వస్తాయి. తొట్టి అంచు తడిలేకుండా తుడవండి, కారుతున్న కుళాయి బాగుచేయించండి. తెల్లవారుజామున, పొద్దు వాలాక ఈగలు తక్కువగా ఉంటాయి, దూడకు అప్పుడు బకెట్‌తో విడిగా పెడితే బెరుకు పోతుంది.

ప్రశ్న: మా గేదెలను జోరీగలు రక్తం కారేలా కుడుతున్నాయి. వీటికీ తుట్టె ఉంటుందా, వెతికి తీసేయాలా?

జవాబు: ఉండదు. జోరీగకు ముల్లు లేదు, చర్మం కోసి రక్తం తాగుతుంది. తడి బురదలో, కుంటల అంచుల్లో పెరుగుతుంది కాబట్టి వెతికినా దొరకదు. వీటి భయం నొప్పి ఒక్కటే కాదు, రక్తంలో చేరే సూక్ష్మజీవి వల్ల వచ్చే సర్రా రోగాన్ని ఒక పశువు నుంచి ఇంకో పశువుకు మోసేవి ఇవే. జ్వరం వచ్చిపోతూ, మేత తిన్నా చిక్కిపోతూ, కంట్లో నీళ్లు కారుతూ, గుండ్రంగా తిరుగుతున్న గేదె ఉంటే వెంటనే రక్తపరీక్ష చేయించండి, దీనికి మందు ఉంది. జోరీగలు పగటి ఎండలోనే ముసురుతాయి, ఆ వేళకు గేదెలను నీళ్లలోనో చీకటి పాకలోనో ఉంచి, ఉదయం, సాయంత్రం మేతకు తోలండి.