మీరు ఆగినా తీగ ఆగదు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా సీరియల్ పోర్టు (యంత్రాలు తీగ మీద ఒక్కో అక్షరంగా కంప్యూటర్‌తో మాట్లాడే దారి), డీబగ్గర్ (ప్రోగ్రాంను ఆపి ఆపి నడిపిస్తూ తప్పు వెతికే సాధనం) గొడవలే. ఇరవై ఏళ్లు తూకం యంత్రాల సర్వీసులో మండీలు, డెయిరీలు, పల్ప్ ఫ్యాక్టరీలు తిరిగి, ఇప్పుడు తిరుపతి బైరాగిపట్టెడలో మేడ మీద గదిలో కేబుళ్ల మధ్య కూర్చున్నదాన్ని. నాకు చేతనైన విషయమే కాబట్టి ఈసారి పేజీ మొత్తం దీనికే ఇచ్చేశాను.

ప్రశ్న: మాది బంగారుపాళ్యం. మా బాబాయి వేబ్రిడ్జికి (లారీలు తూచే కాటా) సీ షార్ప్ భాషలో సాఫ్ట్‌వేర్ రాసిచ్చాను. ఇండికేటర్ (బరువు అంకెలు చూపే పెట్టె) 9600 స్పీడులో సెకనుకు పది సార్లు బరువు పంపుతూనే ఉంటుంది. ఒక్కో బరువు పది అక్షరాలు. నా ప్రోగ్రాం అర సెకనుకోసారి ఒక లైను చదివి స్క్రీన్ మీద వేస్తుంది. తెరవగానే బాగానే ఉంటుంది. ఐదు నిమిషాలకల్లా లారీ దిగిపోయినా పాత బరువే కనిపిస్తుంది. తప్పెక్కడుందో చూద్దామని బ్రేక్‌పాయింట్ (ప్రోగ్రాం ఆగాల్సిన చోట గుర్తు) పెట్టి ఒక్కో లైనూ నడిపిస్తే ఇంకా అధ్వానం. సీజన్ లోపు ఇండికేటర్ కొత్తది కొనిపించాలా?

జవాబు: కొనిపించకండి. మీ బాబాయి డబ్బు మిగిలింది. ఇండికేటర్ చెడలేదు, అది నిమిషం కూడా ఆలస్యం చేయకుండా పంపుతూనే ఉంది. ఆలస్యమంతా మీ ఇంట్లోనే.

లెక్క వేసి చూడండి. సెకనుకు పది బరువులు వస్తున్నాయి, మీరు తీసుకునేది రెండు. మిగిలిన ఎనిమిదీ ఎక్కడికి పోతాయి? విండోస్ వాటిని బఫర్‌లో దాచిపెడుతుంది. సీ షార్ప్ సీరియల్‌పోర్ట్ క్లాసులో మీరేమీ మార్చకపోతే ఆ బఫర్ 4096 బైట్లు, అక్షరానికి ఒక బైటు. సెకనుకు 80 బైట్ల చొప్పున మిగులుతుంటే 51 సెకన్లలో నిండిపోతుంది. నిండిన బఫర్‌లో దాదాపు 409 బరువులు వరసలో నిలబడి ఉంటాయి. మీరు సెకనుకు రెండు లెక్కన తీస్తున్నారు కాబట్టి స్క్రీన్ మీద ఇప్పుడు కనిపించేది మూడు నిమిషాల ఇరవై నాలుగు సెకన్ల కిందటి బరువు. అంతలో లారీ దిగి, కాటా చీటీ తీసుకుని, గేటు కూడా దాటేసి ఉంటుంది.

డీబగ్గర్‌లో ఎందుకు ముదిరిందో కూడా ఇందులోనే ఉంది. బ్రేక్‌పాయింట్ దగ్గర ఆగేది మీ ప్రోగ్రాం ఒక్కటే. విండోస్ ఆగదు, డ్రైవర్ ఆగదు, తీగకు అవతల ఉన్న ఇండికేటర్‌కు మీరు ఆగారన్న సంగతే తెలియదు. మీరు వేరియబుల్ మీద మౌస్ పెట్టి ఆలోచిస్తున్నంతసేపూ సెకనుకు వంద బైట్లు వచ్చి పడుతూనే ఉంటాయి. 41 సెకన్లలో బఫర్ నిండుతుంది. ఆ తర్వాత వచ్చినవి నేలపాలు.

ఇది నాకు పుస్తకంలో దొరకలేదు. పదిహేనేళ్ల కిందట చిత్తూరు దగ్గర ఒక బెల్లం మండీలో అచ్చం ఇదే రోగం. అప్పుడు విజువల్ బేసిక్. ఖాళీ కాటా మీద నీడ చూసుకుని ఒక కుక్క పడుకుంది. ఇండికేటర్ పద్నాలుగు కిలోలు కూడా చూపించడం లేదు, కంప్యూటర్‌లో మాత్రం పదకొండు టన్నుల చిల్లర. మండీ యజమాని దాన్ని చూసి, నన్ను చూసి, "ఏంమ్మా, ఈ కుక్క పదకొండు టన్నులా?" అన్నాడు. చుట్టూ హమాలీలు నవ్వు. పొద్దున్నుంచి నేను బ్రేక్‌పాయింట్లు పెట్టడం, తీయడం. కేబుల్ కూడా మార్చాను. చివరికి విసుగొచ్చి ప్రోగ్రాంను అలాగే ఆపి అన్నానికి లేచాను. తిరిగొచ్చి, ప్రోగ్రాంను మళ్లీ నడిపించే ఎఫ్5 నొక్కితే స్క్రీన్ మీద మొదట పడిన బరువు, నేను లేచేటప్పుడు కాటా మీదున్న ట్రాక్టరుది! అది వెళ్లిపోయి ముప్పావు గంటైంది. అప్పుడు వెలిగింది నాకు. నేను భోంచేసి వచ్చేదాకా ఆ బరువు బఫర్‌లో కూర్చుని నాకోసం ఎదురు చూసింది.

ఇక మీరు చేయాల్సింది. టైమర్ మోగినప్పుడల్లా ఒక లైను కాదు, ఉన్నదంతా ఒకేసారి చదివేయండి. సీరియల్‌పోర్ట్ క్లాసులో రీడ్ ఎగ్జిస్టింగ్ అనే ఫంక్షన్ అందుకే ఉంది. దాంట్లో పూర్తిగా వచ్చిన చివరి లైను మాత్రం తీసుకోండి, ముందువన్నీ వదిలేయండి. చివర సగం లైను ఉంటే పారేయకండి, తర్వాతి విడత ముందు అతికించుకోవాలి. లైను పది అక్షరాలూ లేకపోతే దాన్ని నమ్మకండి. నిండిన బఫర్ మధ్యలో బైట్లు రాలిపోయినప్పుడు ఒక లారీ ముందు అంకెలు, ఇంకో లారీ వెనక అంకెలు కలిసిపోయి చూడటానికి నికార్సైన బరువులాగే ఉంటుంది. రైతు దగ్గర మాట పోయేది అక్కడే. సేవ్ బటన్ నొక్కినప్పుడు మాత్రం బఫర్ ఖాళీ చేసి, ఆ తర్వాత వచ్చిన మూడు తాజా బరువులు ఒకటే అయితేనే చీటీ ప్రింట్ చేయండి.

బ్రేక్‌పాయింట్ బదులు విజువల్ స్టూడియోలో ట్రేస్‌పాయింట్ వాడండి. అదీ బ్రేక్‌పాయింట్ లాంటిదే, కాకపోతే ఆగకుండా మెసేజ్ రాసి ముందుకు పోతుంది. మెసేజ్‌లో టైము, బఫర్‌లో ఎన్ని బైట్లున్నాయో రెండూ రాయించండి. ఆ సంఖ్య పెరుగుతూ పోతుంటే మీరు వెనకబడుతున్నట్టే. ఇంకొక మాట, వచ్చిన బైట్లన్నీ ఒక రోజంతా ఫైలులో రాసి ఇంటికి తెచ్చుకోండి. కామ్ జీరో కామ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ విండోస్‌లో రెండు ఉత్తుత్తి కామ్ పోర్టులు తయారు చేసి ఒకదానికొకటి కలిపిస్తుంది. ఒకదాంట్లోంచి ఆ ఫైలు పంపించండి, రెండోదాన్ని మీ ప్రోగ్రాం చదువుతుంది. తోతాపురి లారీల వెనక తెల్లవారుజామున నిలబడాల్సిన పని తప్పుతుంది.

ప్రశ్న: తిరుపతిలో ఇంజినీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాను. ఎస్‌టీఎం32 ఎఫ్4 అనే చిన్న ప్రాసెసర్ బోర్డుకు జీపీఎస్ మాడ్యూల్ కలిపాను. మామూలుగా నడిపితే లైన్లు వస్తున్నాయి. డీబగ్గర్‌లో యూఆర్ట్ (చిప్పులోని సీరియల్ పోర్టు) రిజిస్టర్ల విండో తెరిచి ఆపి ఆపి చూస్తే అక్షరాలు మాయమవుతున్నాయి. ఒక్కోసారి ఇక రావడమే ఆగిపోతుంది. మా సార్ లూజ్ కనెక్షన్ అంటున్నారు. రివ్యూ దగ్గర పడింది, టెన్షన్‌గా ఉంది మేడమ్.

జవాబు: టెన్షన్ వద్దు తల్లీ. మామూలుగా నడిపితే వస్తున్నాయని నువ్వే రాశావు కదా, వైరు బాగానే ఉంది. ఇక్కడ దొంగలు ఇద్దరు.

మొదటి దొంగ నువ్వు తెరిచిన ఆ విండోనే. యూఆర్ట్ డేటా రిజిస్టర్, అంటే వచ్చిన అక్షరం కూర్చునే గడి, మామూలు మెమరీ లాంటిది కాదు. లడ్డూ కౌంటర్‌లో టోకెన్ లాంటిది, ఒకసారి చేతికిస్తే మళ్లీ చెల్లదు. దాన్ని చదవగానే "కొత్త బైటు వచ్చింది" అని చెప్పే ఆర్‌ఎక్స్‌ఎన్‌ఈ జెండా దిగిపోతుంది. చదివింది నీ ప్రోగ్రామా, డీబగ్గరా అన్నది చిప్పుకు తెలియదు. నువ్వు ఆపిన ప్రతిసారీ డీబగ్గర్ ఆ విండోను తాజా చేయడానికి రిజిస్టర్ చదువుతుంది, నీ కోడ్‌కు రావాల్సిన అక్షరం అది తినేస్తుంది. స్టేటస్ రిజిస్టర్, ఆ వెంటనే డేటా రిజిస్టర్ చదివితే ఓవర్‌రన్ (తీసుకునేలోపే ఇంకో అక్షరం వచ్చి పడటం) జెండా కూడా తుడిచిపెట్టుకుపోతుంది, అంటే ఆధారం కూడా మిగలదు. ఆ విండో మూసెయ్. బైటు ఏమొచ్చిందో చూడాలంటే ఇంటరప్ట్‌లో (బైటు రాగానే తనంతట తాను నడిచే కోడ్) దాన్ని మామూలు అరేలో వేసుకుని ఆ అరేను చూడు.

రెండో దొంగ, నువ్వు ఆపడం. ప్రాసెసర్ ఆగింది కానీ యూఆర్ట్ ఆగదు, జీపీఎస్ అసలే ఆగదు. జీపీఎస్ మాడ్యూళ్లు సాధారణంగా వాడే 9600 స్పీడు (సెకనుకు 9600 బిట్లు) దగ్గర ఒక అక్షరానికి స్టార్ట్, స్టాప్ కలిపి పది బిట్లు, అంటే దాదాపు 1.04 మిల్లీసెకను. ఎఫ్4లో వెనక పెద్ద బఫర్ లేదు. ఒక అక్షరం తీయకుండా ఉండగా రెండోది పూర్తయితే అంతే, ఓవర్‌రన్. నువ్వు ఎంత చురుగ్గా ఎఫ్5 నొక్కినా మిల్లీసెకనులో నొక్కలేవు. చిప్పు కంపెనీ ఇచ్చే హాల్ లైబ్రరీ ఈ ఓవర్‌రన్‌ను పెద్ద తప్పుగా తీసుకుని రిసీవ్ పనినే ఆపేస్తుంది, నీకు పూర్తిగా రావడం ఆగిపోయిందన్నావే, అది ఇదే. ఎర్రర్ కాల్‌బ్యాక్ (తప్పు జరిగితే లైబ్రరీ పిలిచే ఫంక్షన్) రాసి అందులో రిసీవ్‌ను మళ్లీ మొదలుపెట్టు. వీలైతే డీఎంఏ (ప్రాసెసర్ ప్రమేయం లేకుండా డేటాను మెమరీలో వేసే చిప్పు భాగం) సర్క్యులర్ మోడ్‌కు మారు. ప్రాసెసర్ ఆగినా డీఎంఏ తన పాటికి తాను మెమరీలో వేస్తూ ఉంటుంది. మీ సార్‌కు ఈ జవాబు చూపించనక్కర్లేదు, పని చేసే బోర్డు చూపిస్తే చాలు.

ప్రశ్న: రేణిగుంటలో ఉద్యోగం. రెండు లైనక్స్ మెషీన్ల మధ్య సీరియల్ కేబుల్ వేసి కేజీడీబీతో (కెర్నల్‌లోనే ఉండే డీబగ్గర్) కెర్నల్‌ను, అంటే లైనక్స్ గుండెకాయను, డీబగ్ చేయాలనుకుంటున్నాను. నా వైపు నడిచే జీడీబీ డీబగ్గర్ ఎప్పుడూ "ఇగ్నోరింగ్ ప్యాకెట్ ఎర్రర్" అంటుంది, లేకపోతే టైమవుట్. స్పీడు రెండు వైపులా 115200.

జవాబు: ముందు జీడీబీ తీగ మీద ఏం మాట్లాడుతుందో చూడండి. "సెట్ డీబగ్ రిమోట్ 1" అని కొట్టి మళ్లీ కనెక్ట్ అవ్వండి. ప్రతి మాటా ఒకటే పద్ధతి: డాలర్ గుర్తు, విషయం, హ్యాష్ గుర్తు, ఆ వెనక రెండు హెక్సా అంకెల చెక్‌సమ్ (మాట చెడిపోలేదని సరిచూసే మొత్తం). అవతలి వైపు "ఓకే" అన్నదనుకోండి. ఓ అక్షరం విలువ హెక్సాలో 4ఎఫ్, కే విలువ 4బీ, కలిపితే 9ఏ. హ్యాష్ తర్వాత 9ఏ ఉంటే సరే, జీడీబీ ప్లస్ గుర్తు పంపుతుంది. లేకపోతే మైనస్, మళ్లీ చెప్పమని. మీ తెర మీద ఈ డాలర్ల మధ్యలో "లాగిన్" అన్న మాట గానీ, కెర్నల్ మెసేజ్‌లు గానీ కనిపిస్తున్నాయా? కనిపిస్తే అదే పోర్టు మీద లాగిన్ ప్రాంప్ట్ లేదా కన్సోల్ కూడా నడుస్తోంది, ఇద్దరు ఒకే ఫోనులో మాట్లాడుతున్నారు. లాగిన్ అడిగే గెట్టీ సర్వీసు ఆపండి, కెర్నల్ మెసేజ్‌లు వచ్చే కన్సోల్‌ను వేరే చోటికి మార్చండి.

ఏమీ రాక టైమవుట్ మాత్రమే అయితే టార్గెట్ (మీరు డీబగ్ చేస్తున్న మెషీన్) కెర్నల్‌ను మీరు అసలు ఆపి ఉండరు. నడుస్తున్న కెర్నల్ జీడీబీకి బదులివ్వదు. ముందు టార్గెట్‌లో, కెర్నల్‌ను ఆపి డీబగ్గర్‌కు అప్పగించే సిస్‌ఆర్‌క్యూ జీ కొట్టాలి, ఆ తర్వాతే కనెక్ట్ అవ్వాలి. టార్గెట్ వైపు యూఎస్‌బీ సీరియల్ కేబుల్ పెట్టి ఉంటే తీసేయండి, దాంతో కేజీడీబీ పని చేయదు, బోర్డు మీద అసలు సీరియల్ పోర్టే కావాలి. మీ వైపు యూఎస్‌బీ ఉన్నా ఇబ్బంది లేదు. ఎఫ్‌టీడీఐ చిప్పు కేబుల్ అయితే లేటెన్సీ టైమర్ (వచ్చిన బైట్లను కంప్యూటర్‌కు అందించే ముందు ఆగే సమయం) మామూలుగా 16 మిల్లీసెకన్లు ఉంటుంది, దాన్ని 1కి దించండి. చిన్న చిన్న ప్యాకెట్లతో నడిచే ఈ సంభాషణలో ఆ పదహారే ఒక్కో స్టెప్‌నూ నత్తనడక నడిపిస్తుంది.

ప్రశ్న: డీబగ్ ఆపి మళ్లీ రన్ చేస్తే కామ్ పోర్టు "యాక్సెస్ డినైడ్". ప్రతిసారీ సిస్టమ్ రీస్టార్ట్ చేయాల్సిందేనా? (పలమనేరు)

జవాబు: అక్కర్లేదు. విండోస్‌లో ఒక కామ్ పోర్టును ఒకరే తెరవగలరు. పాత ప్రోగ్రాం టాస్క్ మేనేజర్‌లో ఇంకా బతికుందేమో, లేదా పక్క విండోలో పుట్టీ (సీరియల్ పోర్టులో వచ్చేది చూపే, టైప్ చేసింది పంపే ప్రోగ్రాం) తెరిచి మరిచిపోయారేమో చూడండి. నాకు తెలిసినంతవరకు పదిలో తొమ్మిది సార్లు పుట్టీయే.

ప్రశ్న: కేబుల్ బాగుందో లేదో మీటరు లేకుండా తెలుసుకునే దారి ఉందా అక్కా? (పుత్తూరు)

జవాబు: ఉంది. నేను ఏళ్ల తరబడి గాజులకున్న పిన్నీసుతోనే నెట్టుకొచ్చాను. మామూలు తొమ్మిది పిన్నుల ఆర్‌ఎస్-232 కేబుల్‌ను కంప్యూటర్‌కు పెట్టి, అవతలి చివర ఏ యంత్రానికీ తగిలించకుండా 2, 3 పిన్నులను పిన్నీసుతో కలపండి. ఆ రెండు మాత్రమే, వేరే పిన్నులకు తగలకూడదు. పుట్టీలో ఫ్లో కంట్రోల్ "నన్" (None), లోకల్ ఎకో (టైప్ చేసింది తీగ మీదికి వెళ్లకున్నా తెర మీద చూపే సెట్టింగ్) "ఆఫ్" పెట్టి ఏదైనా టైప్ చేయండి. టైప్ చేసింది తెర మీద కనిపిస్తే కంప్యూటర్ పోర్టు, డ్రైవర్, కేబుల్‌లో ఆ రెండు తీగలు బాగున్నట్టే. పిన్నీసు తీసేస్తే అక్షరాలు కనిపించకూడదు. అయినా కనిపిస్తుంటే లోకల్ ఎకో ఆన్‌లో ఉంది, మిమ్మల్ని మీరే మోసం చేసుకుంటున్నారు. పని అయ్యాక పిన్నీసు కనెక్టర్‌లోనే వదిలేసి ఇంకో యంత్రానికి గుచ్చేయకండి. ఒకసారి నేను అలా చేసి మధ్యాహ్నమంతా వెతికాను.