మీ ప్రశ్న – మా జవాబు: ఆకుపచ్చ సిలువల విమానాలు

ప్రశ్న: జపాన్ చక్రవర్తి రేడియోలో లొంగుబాటు ప్రకటించింది 1945 ఆగస్టు 15న. టోక్యో అఖాతంలో మిస్సోరి నౌక మీద సంతకాలు పడింది సెప్టెంబరు 2న. ఈ 18 రోజులూ బేరసారాలు సాగాయా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: బేరమాడే వీలు జపాన్‌కి లేదు. తేలాల్సినవి పనులు: అమెరికన్ సేనలు ఎక్కడ దిగాలి, సముద్రంలో మైన్లు ఎక్కడున్నాయి, యుద్ధఖైదీల శిబిరాలు ఎక్కడ. అందుకే మిత్రరాజ్యాల సర్వసేనాని, అమెరికన్ జనరల్ మెకార్థర్ జపాన్ దూతల్ని మనీలాకి పిలిపించాడు.

వాళ్ళ విమానాలకు ఒళ్ళంతా తెల్లరంగు పూసి, 500 గజాల దూరానికి కనబడేలా ఆకుపచ్చ సిలువలు వేయాలన్నది షరతు. రేడియోలో పిలుపు పేరు 'బటాన్'. 1942లో అమెరికన్ సేనలు జపాన్‌కి లొంగిపోయిన చోటు అది. వేరే పేరు పెట్టుకుంటామంటే ఒప్పుకోలేదు. పాత బాకీ వడ్డీతో రాబట్టారన్నమాట!

దూతలకు సొంతవాళ్ళ భయమే ఎక్కువ. టోక్యో దగ్గరి అత్సుగి వైమానిక స్థావరంలో లొంగుబాటుకు ఒప్పుకోక తిరగబడ్డ దళం కూల్చేస్తుందేమోనని, దూతల నాయకుడు జనరల్ కవాబే సహా 16 మంది ఆగస్టు 19న కిసరజు అనే వేరే స్థావరం నుంచి గుట్టుగా బయల్దేరారు. ఒకినావా పక్కనున్న ఇయె షిమా దీవిలో దిగి అమెరికన్ విమానమెక్కారు.

మనీలాలో మెకార్థర్ సేనాధికారి సదర్లాండ్ జపాన్‌లో 23నే దిగుతామన్నాడు. కవాబే గడువు అడిగాడు: తిరుగుబాటు అణచాలి, ఎవరూ ఎగరకుండా విమానాల ప్రొపెల్లర్లు ఊడదీయాలి. ముందు దళం 26న, మెకార్థర్ 28న అని తేలింది. తుఫాను వచ్చి మరో రెండు రోజులు జరిగింది.

చిక్కల్లా ఒక్క మాట దగ్గర. చక్రవర్తి పేరిట వెలువడాల్సిన ప్రకటన ముసాయిదాలో అమెరికన్లు 'నేను' అనడానికి 'వతకుషి' అని మామూలు మాట రాశారు. అప్పట్లో చక్రవర్తి తనను 'చిన్' అనే చెప్పుకునేవాడు, ఇంకెవరూ ఆ మాట వాడేవారు కాదు. చదవగానే దూతల ముఖాలు పాలిపోయాయి. అనువాద విభాగం చూసే అమెరికన్ కల్నల్ మాష్‌బిర్ రాచమర్యాదకు తగ్గట్టు మార్చుకోమన్నాడు, మెకార్థర్ సరేనన్నాడు. మనీలాలో వాళ్ళకు దక్కిన పెద్ద మినహాయింపు ఇదేనని మా అభిప్రాయం.

తిరుగుదారిలో ఇంధనం అయిపోయి కవాబే విమానం హమమత్సు దగ్గర సముద్రపు ఒడ్డున కూలబడింది. ఆయన టోక్యో చేరేసరికి 21 ఉదయమైంది.

ప్రశ్న: మరి సింగపూర్‌లో లొంగుబాటుకు సెప్టెంబరు 12 దాకా ఎందుకు ఆగారు?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: టోక్యో సంతకాలకంటే ముందు ఎక్కడా లొంగుబాటు పత్రాలు రాయించుకోవద్దని మెకార్థర్ ఆజ్ఞ. ఆగ్నేయాసియాలో మిత్రరాజ్యాల సేనాని మౌంట్‌బాటెన్ నౌకలు దారిలోనే ఆగాయి. అయినా రంగూన్‌లో జపాన్ జనరల్ నుమాటాతో ముందస్తు ఒప్పందం ఆగస్టు 28న కుదిరింది. సింగపూర్‌లో సంతకం చేసింది జపాన్ జనరల్ ఇటగాకి. ఆ ప్రాంతపు జపాన్ సేనలన్నిటికీ పై సేనాని తెరౌచి పక్షవాతంతో మంచాన ఉన్నాడు. ఆయన కత్తులు మౌంట్‌బాటెన్ చేతికొచ్చింది నవంబరు 30న, సైగాన్‌లో.