బేస్ గిటార్ లేకుండా ఇద్దరే వాయించిన లైవ్ ఆల్బమ్ అంత నిండుగా ఎలా వినిపిస్తుంది?

మీరు అడిగిన ‘అండర్ గ్రేట్ వైట్ నార్తర్న్ లైట్స్’ అమెరికా రాక్ బృందం ద వైట్ స్ట్రైప్స్ 2010లో విడుదల చేసిన లైవ్ ఆల్బమ్. 2007 వేసవిలో వాళ్లు కెనడాలోని ప్రతి రాష్ట్రంలోనూ, ఉత్తరాది ప్రాంతాల్లోనూ వాయించినప్పటి రికార్డింగులు ఇందులో ఉన్నాయి. వేదిక మీద ఇద్దరే: జాక్ వైట్ ఎక్కువగా గిటారు, మెగ్ వైట్ డ్రమ్స్.

కింది స్వరాలు పలికే బేస్ గిటారు లోటును తీర్చేది ముందుగా ఒక పెడల్. కాలితో నొక్కితే గిటారు స్వరం ఒక స్థాయి కిందికి, మంద్రంలోకి దిగుతుంది. వాళ్ల పాట ‘సెవెన్ నేషన్ ఆర్మీ’ మొదట్లో బేస్ గిటారులా మోగేది అదే. కానీ నా దృష్టిలో అసలు బలం మెగ్‌ది. ఆమె వాయింపు మరీ సాదా అని చాలామంది విమర్శించారు, నేను ఒప్పుకోను. ఆ బరువైన, తొణకని దెబ్బ ఉంది కాబట్టే జాక్ మధ్యలో వేగం మార్చినా, ఒక పాటలోంచి మరో పాటలోకి దూకినా సంగీతం చెదరదు. పాటల వరుసను ముందే రాసుకునే అలవాటు వాళ్లకు ఉండేది కాదు. ఆమె అతని కదలికలను చూస్తూనే వాయించేది.

హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఒక్క డ్రమ్స్‌నే వెంబడిస్తూ వినండి. దెబ్బకూ దెబ్బకూ మధ్య ఆమె వదిలిన ఖాళీలోనే గిటారు విస్తరించడం స్పష్టంగా తెలుస్తుంది.